తెరిపించిన కళ్ళు

పోచవ్వ తన కూతురి ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టింది.

ఫ్రేముకు ఎండిన బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది.

"గీ కండ్లు నా బిడ్డయి కావు," అంది.

ఆమె కూతురు లత కోటగిరి దగ్గర కాలువలో పడి పోయి తొమ్మిదేళ్ళు. పద్నాలుగేళ్ళ పిల్ల. అప్పటికి ఇంట్లో ఆ పిల్లది ఒక్క ఫోటో కూడా లేదు.

నేను పనిచేసే ఫోటో స్టూడియో యజమాని పండరన్నకు బాన్సువాడలో ఒక పేరుంది, చనిపోయినవాళ్ళ కళ్ళు తెరిపిస్తాడని. పడుకోబెట్టిన ముఖాన్ని ఫోటో తీసి, కంప్యూటర్లో కళ్ళు తెరిపించి ఇచ్చేవాడు.

"మరి గప్పుడెందుకు అనలే అవ్వా?" అన్నాడాయన.

"గప్పుడు దాని మొఖం నాకు యాదికుండె. గిప్పుడు కండ్లు మూస్తె గీ కండ్లే వస్తున్నయి. నా బిడ్డ మొఖం వోతున్నదయ్యా. నువ్వు ముందుగాల తీసిన ఫోటో ఇయ్యి. ఎల్లుండి పెత్రమాస. దానికే పెట్టుకుంట."

పండరన్న నావైపు తిరిగి నవ్వాడు. "మహేశ్వరీ, నీ ఉపాసం దినం వచ్చిందే పొల్లా!"

పెత్రమాస నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఫోటో ముందు పెడతారు. ఎందుకో ఆ రోజు నాకు ఆకలి వేయదు. కడుపు నిండినట్టే ఉంటుంది. పదో తరగతి నుంచీ అంతే. అమ్మ తిడుతుంది.

అప్పటి ఫోటోలున్న పాత కంప్యూటర్‌ను అటక మీంచి దించాను. ఆన్ కాలేదు.

హార్డ్ డిస్క్ విప్పి, కేబుల్‌తో ఇప్పటి కంప్యూటర్‌కు కలిపాను. అది టిక్కుమంది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

"గా డబ్బా ఖతమైంది, ఇడిసెయ్," అన్నాడు పండరన్న.

పోచవ్వ స్టూలు మీంచి కదలలేదు. నన్నే చూస్తోంది.

"నిన్నెక్కడో చూసిన బిడ్డా."

"మాది పెద్ద కొడప్‌గల్ అవ్వా."

"గా దిక్కు నేనెన్నడు రాలె."

ఒక్కొక్క ఫైలూ బయటికి వస్తోంది. పేర్లు చెరిగిపోయాయి, వట్టి నంబర్లే మిగిలాయి. కొన్ని ముఖాలు సగమే వచ్చాయి. కళ్ళ కింద అంతా బూడిద రంగు.

మధ్యాహ్నానికి లత వచ్చింది.

తడి జుట్టు. మూసిన కళ్ళు.

పండరన్న చేసిన పని కూడా ఆ ఫైల్లో పొరలు పొరలుగా అలాగే ఉంది. కింద లత ముఖం. దాని మీద, విడిగా, రెండు కళ్ళు. పక్కన, ఆ కళ్ళు కత్తిరించి తీసుకున్న పాస్‌పోర్ట్ ఫోటో.

రెండు జడలు, తెల్ల రిబ్బన్లు.

పదో తరగతి హాల్ టికెట్ కోసం నేను ఇక్కడే దిగిన ఫోటో.

పండరన్న వంగి చూశాడు. "గా దినం కంప్యూటర్ల నీ ఫోటోనే ఉండె గావచ్చు," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

పోచవ్వ లేచి వచ్చింది. తెర మీది మూసిన కళ్ళను వేలితో తాకింది.

"గిదే. గిదే నా బిడ్డ."

తర్వాత రిబ్బన్ల ఫోటోను చూసింది. నన్ను చూసింది.

ఫ్రేమును వెల్లకిలా తిప్పి, దండ తీసేసి, గాజు మీది కుంకుమను కొంగుతో తుడిచింది.

"తొమ్మిదేండ్ల సంది నీకే పెట్టినగదనే," అంది.

లత ఫోటో ప్రింట్ తీసి ఇచ్చాను.

"కండ్లు మూసినది ఇంట్ల పెట్టొద్దవ్వా," అన్నాడు పండరన్న.

"పండుకున్న పిల్లను లేపి బువ్వ పెట్టమా ఏంది?"

ఫ్రేమును నా ముందే వదిలేసి వెళ్ళిపోయింది.

పెత్రమాస నాడు అమ్మ ఇంకా పొయ్యి మీది అన్నం దించనే లేదు.

నాకు ఆకలి వేసింది.