తాళంచెవి కథ

"కాపీ! పచ్చి కాపీ!"

సబ్ ఎడిటర్ వెంకట్‌రావు పాత పత్రికను ఎడిటర్ విమలాదేవి బల్ల మీద పడేశాడు. నిజాం కాలంలోనే ఆగిపోయిన పత్రిక అది. అందులో సుందరాబాయి అనే ఆవిడ కథ ఉంది. అత్త దాచుకున్న తాళంచెవిని బావిలో పారేసిన కోడలి కథ. ఇప్పుడు లీయా వీళ్ల పత్రికకు పంపిందీ అదే.

లీయా చిమ్కోడ్ బడిలో పంతులమ్మ. బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. భయం ఉండదా మరి! కాపీ కొట్టినవాళ్ల పేర్లు ఈ పత్రిక చివరి పేజీలో నల్లగీతల మధ్య వేస్తుంది. అక్కడ పేరు పడితే బీదర్‌లోనే కాదు, హైదరాబాదులో కూడా ఇంకెవరూ కథ వేసుకోరు. ఆ పద్ధతి పెట్టింది ఎడిటర్ విమలాదేవే. ఆమె వేస్తే రచయిత, వద్దంటే మామూలు మనిషి.

"సుందరాబాయి ఎవరో నాకు తెల్వదమ్మా," అంది లీయా. "మా ఊళ్ల కందులు కోసేటప్పుడు ఆడోళ్లు చెప్పుకునే కథ ఇది. మా అమ్మమ్మ చెప్తుండె."

"దొరికినోళ్లందరు గిట్లనే అంటరు," అన్నాడు వెంకట్‌రావు.

విమలాదేవి పాత పత్రికను ముట్టుకోనైనా లేదు.

"చివర్ల కోడలిని నవ్వించినవేంది పిల్లా? ఏడ్వాలె గదా?"

"లేదమ్మా. మా ఊళ్ల ఎప్పుడూ నవ్వినట్టే చెప్తరు."

విమలాదేవి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నవ్వనియ్యి. వెంకట్‌రావుగారూ, అచ్చుకు పంపుర్రి. పిల్ల పేరుతోనే."

వెంకట్‌రావుకు ఒళ్లు మండిపోయింది. సొంత మరిది పేరునే నల్లగీతల మధ్య వేసిన మనిషి! ఈ పిల్ల దగ్గర ఇంత మెత్తబడిందంటే ఇందులో ఏదో మతలబు ఉంది.

"ఈ పిల్ల మీకు చుట్టమా అమ్మా?"

"ఇయ్యాలనే చూసిన."

"రేపు ఆ సుందరాబాయి వచ్చి గల్లా పట్టుకుంటే?"

"పట్టుకోదు. ఒక్క కథ రాసింది. ఎవ్వరు చదవలేదనుకొని ఊకున్నది."

"మీకెట్ల తెలుసు? చచ్చిపోయిందా ఏంది?"

"లేదయ్యా. పెండ్లయింది."

ఆ వైపు షావుకార్ల ఇళ్లలో వాడుక ప్రకారం, పెళ్లిపీటల మీదే, వెండిపళ్లెంలో పరిచిన బియ్యంపై ఉంగరంతో అత్తవారు సుందరాబాయికి కొత్త పేరు రాశారు: విమలాదేవి.