స్టీల్‌కూ రాబ్‌కూ తేడా

"అక్కా, స్టీల్ అన్నా, రాబ్ అన్నా దొంగతనమే గదా?" ప్రణతి అడిగింది.

మెట్‌పల్లిలో వాళ్ల కొత్త ఇంటి వరండాలో నేను ఆమెకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతున్నాను. ఆమె తాత జలపతిరావు పక్కనే పేపర్ చదువుతున్నాడు.

"రెండూ ఒకటి కాదు. ఎవ్వలికీ తెల్వకుంట తీసుకపోతే స్టీల్. కండ్ల ముంగట్నే బెదిరించి గుంజుకుంటే రాబ్."

"ఒక ఎగ్జాంపుల్ చెప్పవా?"

"మగ్గం నేసేటాయనకు జర జాగ ఉండె. ఒక దొర మనుషులను తెచ్చి, మగ్గం బయటపారేసి, ఇల్లు కూలగొట్టి, జాగ గుంజుకున్నడు. గాయన దండం పెట్టుకుంట చూసిండు."

పేపర్ కిందికి దిగింది.

"ఏ పిల్లా, కథలు బంద్ చెయ్. పాఠం చెప్పు."

"పాఠమే చెప్తున్న సార్."

"మరి గా జాగ ఏడుందక్కా?" అంది ప్రణతి.

"నీ కుర్చీ కిందనే. గా మగ్గం నేసేటాయన మా బాపు."

ప్రణతి గబుక్కున కాళ్లు పైకి తీసుకుంది. మెల్లగా జలపతిరావు వైపు తిరిగింది.

"తాతా, నువ్వు రాబ్ చేసినవా?"

నేను పుస్తకం మూసి లేచి, చెప్పులు వేసుకున్నాను. ఆ ఇంట్లో నేను చెప్పాలని వచ్చిన పాఠం ఆ ఒక్కటే.