రూతు గౌను

పామిడిలో చీకటి పడినా ఇమ్మానుయేల్ కొట్లో ఒక్కడే నైటీలు కుడుతున్నాడు. గుమ్మంలోంచి ఏడేళ్ల కూతురు రూతు పిలిచింది.

"నాయనా, నా క్రిస్మస్ గౌను ఎప్పుడు కుడతావు?"

"ఈ నైటీ అయిపోనీ పాపా."

మిషను గడగడమంది. కాసేపటికి మళ్లీ పిలిచింది.

"ఊరందరికీ కుడతాండావు. నాకే లేదు."

గొంతు ముదిరినట్టుంది. జలుబేమో అనుకున్నాడు. తలెత్తలేదు.

"ఇదొక్కటే పాపా."

ఆ తర్వాత పిలుపు రాలేదు. మిషను ఆపి విన్నాడు. వీధిలో కుక్క కూడా అరవడం లేదు. గబగబా ఎర్రగుడ్డ కత్తిరించి, గౌను కుట్టేసి గుమ్మం వైపు అందించాడు.

"తొడుక్కో పాపా!"

చీకట్లోంచి ఒక చేయి అందుకుంది. నరాలు తేలి, ముడతలు పడిన చేయి.

"శానా బాగుండాది నాయనా," అంది రూతు. "ఇప్పుడు నాకు యాడ సరిపోతాది?"