నా చోటు చూస్తుండక్కా

"ముందు జాగా ఉంది, జరగండి" అన్నాడు కండక్టరు.

ఆయనకు ఆ రోజు సెలవు. నోటికి మాత్రం సెలవు లేదు. పక్కన నిలబడ్డ కూతురు, "నాన్నా, ఇది బస్సు కాదు" అని గొణిగింది.

నిజంగానే ముందు జాగా ఉంది. ఒక మనిషి నిలబడేంత. టికెట్ల వరుస కదిలినప్పుడల్లా ఆయన ముందున్న టైలరమ్మ ఒక అడుగు వేసేది. ఆమె ముందున్న ఖాళీ కూడా ఆమెతోపాటు ఒక అడుగు జరిగేది. దాన్ని మాత్రం పూడ్చేది కాదు.

"ఇక్కడ ఒకమ్మాయి ఉంది" అంది వెనక్కి తిరక్కుండానే. "నీళ్ళు తాగి వస్తానంది. నా చోటు చూస్తుండక్కా అంది."

"వెళ్ళి ఎంతసేపయింది?"

"చాలాసేపయింది."

బడిగంట బ్యాండంటే ఆ ఊరికి పిచ్చి. మూసేసిన తమ బడి నుంచి తెచ్చుకున్న కంచు గంట మోగిస్తే తప్ప బ్యాండులోని నలుగురూ పాట ఎత్తుకోరు. రెండేళ్ళ కిందటే రావలసినవాళ్ళు. టికెట్లు అమ్మడం మొదలయ్యాక అంతా ఆగిపోయింది. ఎందుకాగిందో అందరికీ తెలుసు కాబట్టి వరుసలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కండక్టరు భార్య మాత్రం కూతుర్ని ఒంటరిగా పంపనంది. పాటలంటే చెవి కోసుకోకపోయినా ఆయన వచ్చింది అందుకే.

హాలు ప్రహరీ గోడ వెంబడే వరుస సాగింది. గోడ సగం పాతది, నాచు పట్టి ఉంది. మిగతా సగం కొత్తది, ఇంకా సున్నం కూడా వేయలేదు. వరుస తోక ఆ కొత్త గోడ దాకా పాకింది. అక్కడ చక్కటి నీడ ఉన్నా జనం ఎడంగా జరిగి ఎండలోనే నిలబడ్డారు.

ఖాళీ చూసి ఎవరెవరో దూరబోయారు. టైలరమ్మ అరవలేదు. చెయ్యి అడ్డం పెట్టి, వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పింది. ఈ చోటు ఆకుపచ్చ చొక్కా అమ్మాయిది, కుడి చేతి అంచు కుట్టూడిపోతే పిన్నీసు పెట్టుకుంది, అని. ముఖాలకన్నా కుట్లే బాగా గుర్తుండే మనిషి ఆమె. సంచి పట్టీకి ఒక సూది గుచ్చి ఉంది. దానికి ఆకుపచ్చ దారం ఎక్కించి ఉంది.

కండక్టరు కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత కొంచెం మెత్తగానే అన్నాడు.

"కుళాయి అదిగో, ఇక్కణ్ణించి కనబడుతూనే ఉంది. అక్కడ ఎవరూ లేరు చెల్లెమ్మా. లైన్లోంచి పోయినవాళ్ళ చోటు పోయినట్టే. మా బస్సులోనూ అంతే."

టైలరమ్మ మొదటిసారి వెనక్కి తిరిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ మాట అనకండన్నయ్యా."

ఆ తర్వాత ఖాళీలోకి దూరబోయినవాళ్ళను ఆయనే ఆపాడు. "ఆ సీటు రిజర్వుడు" అన్నాడు. కూతురు నవ్వింది. టైలరమ్మ నవ్వలేదు.

కిటికీ దగ్గరికి చేరేసరికి టికెట్లు అయిపోవచ్చాయి. మనిషికి ఒకటేనన్నారు. టైలరమ్మ రెండడిగింది, పక్కపక్క సీట్లు. గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూసి, రెండో మనిషేదన్నాడు. గుమాస్తా ఒక్కటే చించబోయాడు.

"ఉందండీ" అన్నాడు కండక్టరు వెనకనుంచి. "ఆకుపచ్చ చొక్కా పిల్ల. కళ్ళు తిరుగుతున్నాయంటే, వెనక గోడ నీడన కూర్చోమని నేనే పంపాను."

ఆ మాటకు టైలరమ్మ కిటికీ ఊచను గట్టిగా పట్టుకుంది. గుమాస్తా విసుక్కుంటూ రెండూ ఇచ్చాడు. వాటిని ఆమె సంచిలో వేసుకోలేదు. గుప్పిట్లో పట్టుకుని, వరుస పక్కనుంచి కాక రోడ్డు అవతలనుంచి నడిచి వెళ్ళిపోయింది.

కచేరీ నాటి సాయంత్రం హాలంతా నిండింది, ఒక్క సీటు తప్ప. అవి మడత సీట్లు. మనిషి కూర్చోకపోతే వాటంతటవే పైకి లేస్తాయి. టైలరమ్మ తన ఎడమ పక్క సీటును అరచేత్తో నొక్కి పట్టుకుని కూర్చుంది. కుడి పక్కన కండక్టరు కూతురు, ఆ పక్కన కండక్టరు.

గంట మోగింది. దాని మోత పూర్తిగా ఆరిపోయేదాకా వేదిక మీద నలుగురూ తలలు వంచుకుని నిలబడ్డారు. హాల్లో దగ్గు కూడా వినబడలేదు. తర్వాత పాట ఎత్తుకున్నారు. జనం లేచి ఊగారు. కండక్టరు కూడా లేచాడు, తనకే తెలియకుండా. టైలరమ్మ లేవలేదు. చెయ్యి తీస్తే సీటు మూసుకుపోతుంది.

రెండో పాటకు కండక్టరు కూతురు ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఆవిడ ఇంకా రాలేదేంటక్కా? పేరు చెప్పండి, గేటు దగ్గర అడిగొస్తాను."

"పేరు నేను అడగలేదమ్మా."

రెండేళ్ళ కిందట ఇదే వరుసలో, దాని తోక మీద గోడ కూలడానికి కాసేపు ముందు, నీళ్ళు తాగి పరుగున వచ్చి తన చోటు అడిగిన ఆ అమ్మాయిని "పోయినవాళ్ళ చోటు పోయినట్టే, వెనక్కెళ్ళి నిలబడు" అని పంపింది టైలరమ్మే.