చంద్రుడి మీద కానాగంతలు

“ఫిజిక్సు తప్పిపోతే సదువు మానీసి, నాకాడ సేపలమ్మీస్తావేటే?”

కోటబొమ్మాళి సంతలో గంప ముందు కూర్చుని దానమ్మ కూతుర్ని తిడుతోంది.

అనూరాధ ఇంటర్ పుస్తకాలు అటకెక్కించి నెల దాటింది. పిల్ల మళ్లీ పరీక్షకి కూర్చోదేమోనని దానమ్మ దిగులు.

అటుగా పోతున్న పెద్దాయన ఒకడు ఆగాడు. చేతిలో ఖాళీ సంచి.

“కిలో కానాగంతలియ్యమ్మా.”

దానమ్మ తక్కెడ ఎత్తింది. ఆయన పిల్లవైపు తిరిగాడు.

“ఇవి చంద్రుడి మీద ఎంత తూగుతాయి?”

దానమ్మకి ఒళ్లు మండింది. “నా తూకం మీద అనుమానమేటి బాబూ?” అంటూ విసురుగా ఇంకో రెండు చేపలు కొసరు పడేసింది.

ఆయన నవ్వి, కొసరు కూడా సంచిలో వేసుకున్నాడు. పిచ్చిమాలోకం అనుకుంది దానమ్మ.

పైవారం మళ్లీ వచ్చాడు.

“ఆరో వంతండీ. నూట అరవయ్యారు గ్రాములు,” అంది అనూరాధ, అడక్కముందే.

“మరి గురుగ్రహం మీద?”

అక్కణ్ణించి సంతకో గ్రహం. అటక మీది పుస్తకం కిందికి దిగింది.

“అమా, నీ ముప్పై కిలోల గంప చంద్రుడి మీద ఐదు కిలోలేనే!”

బస్సు దిగి సంతకి నడుస్తూ దానమ్మ కళ్లు సగం మూసేది. అడుగేస్తే అల్లంత దూరం తేలిపోతూ, తెల్లటి ఇసకలో “సేపలమ్మా” అని కేకేస్తున్నట్టుండేది. మెడనొప్పి గుర్తొచ్చేది కాదు. ఎంత హాయిగా ఉండేదో!

ఒక సంతనాడు ఆయన అడిగాడు. “మీ అమ్మ తక్కెడ కూడా అక్కడికి పట్టుకెళ్తే?”

పిల్ల తక్కెడలో రాళ్లకేసి చూసింది. “కిలో కిలోయేనండి. సేపల్తోపాటు తూకం రాళ్లూ తేలికైపోతాయి కదా.”

“చూశావామ్మా? ఏ లోకానికెళ్లినా నీ తూకం తప్పదు,” అన్నాడాయన.

దానమ్మ పొంగిపోయింది. ఆ రోజు కొసరు మనసారా వేసింది.

అనూరాధ సప్లిమెంటరీలో పాసైంది. ఆయనకిద్దామని దానమ్మ సంతసంతకీ మంచి వంజరం చేప ఏరి పక్కన పెట్టింది. రెండు సంతలు గడిచినా ఆయన రాలేదు. ఆయన్ని ఎక్కించుకొచ్చే ఆటో పోతురాజునడిగింది.

“నారాయణమూర్తి మేస్టారా? పోయి పదిరోజులైనాది పిన్నీ. కాలేజీలో ఫిజిక్సు సెప్పి రిటైరైనోరు.”

దానమ్మ వంజరాన్ని ఆకులో చుట్టింది.

“ఆళ్లింట్లోనైనా ఇచ్చీ నాయనా.”

పోతురాజు చెయ్యి చాపలేదు.

“ఆ ఇంట్లో సేపలు ముట్టరు పిన్నీ, గడప దాటి రానీరు. వారం వారం నీకాడ కొన్న సంచి, సంత మలుపు తిరగ్గానే నా సేతిలో ఎట్టీసి, ‘ఇయ్యాల పిల్ల బాగా సెప్పింది’ అనీవోరు.”