హామీ లేని సరుకు

"మళ్ళీ రాదని హామీ ఇవ్వండి డాక్టరుగారూ, రేపే ఆపరేషనుకి ఒప్పుకుంటా," అన్నాడు మార్కండేయులు. బెజవాడలో బట్టలకొట్టు పెట్టిన నాటి నుంచీ హామీ లేని సరుకు అతను కొని ఎరగడు.

"ఇవ్వలేనండి. మీ ఆవిడకి గర్భసంచి తీసేసినా, ఆ కేన్సరు కాలేయంలోకీ ఊపిరితిత్తిలోకీ పాకింది. రెండుచోట్లా ఒక్కో గడ్డే కాబట్టి మద్రాసులో కోసి తీస్తామంటున్నారు. బల్లమీదే ప్రాణం పోయినా పోవచ్చు."

"అయితే ఇంటికెళ్దాం పద, రావమ్మా. ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉందువుగాని."

రావమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"కంకిపాడు ఆడాళ్ళకి రంగు పోదని ఒట్టేసి మరీ చీరలమ్ముతారు. ఎన్ని పోలేదూ?"

"అది బేరం. ఇది ప్రాణమే!"

"అవును, నా ప్రాణం. రంగు పోదనే మిమ్మల్ని నమ్మి ఇన్నేళ్ళు కాపురం చేశాను. హామీ ఇవ్వలేనని నిజం చెప్పే ఈయన్ని నమ్మలేనా?"

పొద్దుట్నుంచీ తను లెక్క కడుతున్నది తన నష్టమేనని మార్కండేయులికి అప్పుడు తెలిసింది.

"నాకు భయంగా ఉందే," అన్నాడు.

"భయమైతే బయట కూర్చోండి. కోసేది నన్నేగా!"

రావమ్మ డాక్టరు వైపు తిరిగింది. "మద్రాసుకి ఎప్పుడు రమ్మన్నారండీ?"