ఇల్లు కదలని తాబేలు

ఒకే ఒక్క జామపండు కోసం కోతి, ఉడుత, తాబేలు అష్టాచెమ్మా ఆడుతున్నాయి. విసుగొచ్చి ఉడుత తన పావులు తీసేసుకుని మధ్యలోనే లేచి చెట్టెక్కింది. కోతి పావులు నాలుగూ చుట్టు తిరిగి లోపలి గడుల దగ్గరికొచ్చాయి. తాబేలు పావులు ఇంకా ఇల్లే కదల్లేదు.

"ఓడిపోయానని ఒప్పేసుకో అక్కా, పరువైనా దక్కుతుంది," అంది కోతి.

తాబేలు సగం లేచి ఆగింది. "గెలిచేవాడివి, నీకింత తొందరెందుకు? అవునూ, నువ్వు ఒక్క పావునైనా చంపావా?"

కోతి తోక గోక్కుంది. "లేదు."

"చంపనిదే లోపలికి పోకూడదు. ఇంట్లో ఉన్నవాటిని చంపకూడదు. నువ్వు మళ్ళీ మా గుమ్మం ముందు నుంచే తిరగాలి. గవ్వలు వెయ్యి తమ్ముడూ!"

ఆ గుమ్మం ముందే కోతి పావులు ఒక్కొక్కటీ చచ్చి, సాయంత్రానికి పండు తాబేలుకి దక్కింది.

"నాకో ముక్క?" అంటూ ఉడుత దిగొచ్చింది.

"మధ్యలో లేచినవాళ్ళకి వాసన చాలు," అంది తాబేలు.